ఇంటి కప్పు – ఇంటివాని బాధ్యత

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:1-8, లూకా 13:1-5, మార్కు 2:1-12



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిన సామెత అందరికిని తెలిసినదే. ఇల్లు కట్టుటలో గోడలు లేచువరకు ఒక యెత్తు, కప్పు వేయుట ఒక యెత్తు. కూడబెట్టిన సొమ్ము కరగిపోవునదియు, అప్పుకొరకు ఇల్లిల్లు తిరుగునదియు, సగము లేచిన గోడలు ఏండ్ల తరబడి వానకు నానుచుండునదియు కప్పు దగ్గరనే. అయినను ఇంటి కప్పును గూర్చి సంఘపత్రికలో వ్రాయనేల అని కొందరు తలంపవచ్చును. అది తాపీమేస్త్రియు వడ్రంగియు చూచుకొనవలసిన పని గదా, మన పత్రిక ఆత్మసంబంధమైన సంగతులు చెప్పవలెను గదా అని అనవచ్చును.

కాని దేవుడు అట్లు తలంపలేదు. మోషే ధర్మశాస్త్రములో బలులను గూర్చియు పండుగలను గూర్చియు ఆజ్ఞలిచ్చిన ప్రభువే, ఇంటి కప్పును గూర్చియు ఒక ఆజ్ఞ నిచ్చెను. క్రొత్తగా ఇల్లు కట్టుకొనువాడు కప్పు అంచున పిట్టగోడ పెట్టవలెను. పెట్టని కప్పునుండి యెవరైన పడి మరణించినయెడల, ఆ రక్తాపరాధము ఆ యింటిని అంటుకొనును. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములోని భావ మిది.

ఇచ్చట ఒక కఠినమైన ప్రశ్న పుట్టుచున్నది. ఆ యింటివాడు ఎవరిని త్రోయలేదు. ఎవరిమీదను పగ పట్టలేదు. పడినవాడు అతని అతిథియో, బంధువో, స్వంత బిడ్డయో కావచ్చును. అందరికంటె ఎక్కువగా ఏడ్చినవాడు ఆ యింటివాడే కావచ్చును. చేయి యెత్తనివానిమీద రక్తదోషము మోపుట న్యాయమా? చెడు తలంపు లేనిచోట పాపముండునా? ఈ మాసము మనము ఈ ప్రశ్నను నెమ్మదిగా ధ్యానింతము.

మిద్దెమీది జీవితము

ఆ కాలమున పాలస్తీనా పల్లెలలో ఇంటి కప్పు సమముగా నుండెడిది. గోడలమీద దూలములు వేసి, వాటిపై కొమ్మలును రెల్లును పరచి, ఆపైన మట్టి మెత్తి, వాన వెలిసిన తరువాత రాతిదిమ్మెను దొర్లించి గట్టిపరచెడివారు. కర్నూలు, కడప, అనంతపురము ప్రాంతముల మట్టిమిద్దెలను ఎరిగినవారికి ఇది వింత కాదు. అక్కడను దూలములమీద దంతెలు పేర్చి, ఆపైన చవుడుమన్ను పోసి, వానలకు ముందు మరల క్రొత్త చవుడు వేయుట పెద్దల నాటి వాడుక.

అట్టి కప్పు ఇంటికి మూతయే గాక, ఇంటిలో ఒక గది వంటిది. యెరికోలో రాహాబు జనుపకట్టెను ఆరవేసినది మిద్దెమీదనే. వేగులవారిని దాచినదియు అక్కడనే. సమూయేలు సౌలుతో మాటలాడినది మిద్దెమీదనే. యొప్పేలో పేతురు మధ్యాహ్నవేళ ప్రార్థనచేయుటకు ఎక్కినది మిద్దెమీదికే. మన యిండ్లలోను అంతే గదా! మిరపకాయలు ఎండబోయుట, వడియములు పెట్టుట, వేసవి రాత్రులయందు చల్లగాలికి పండుకొనుట, పిల్లలు గాలిపటములెగురవేయుట, ఇవన్నియు డాబామీదనే. జనులు తిరుగు స్థలము గనుకనే దానికి అంచున అడ్డు కావలెను.

ఆ ఆజ్ఞ ఏ మాటల నడుమ నున్నదో చూడుడి. దారి తప్పిన సహోదరుని ఎద్దును చూచి చూడనట్లు పోరాదని మొదట చెప్పబడినది. త్రోవలో పడిన గాడిదను లేపుటకు సహాయము చేయవలెనని తరువాత చెప్పబడినది. గూటిలో పిల్లలమీద కూర్చున్న తల్లిపక్షిని పట్టుకొనరాదని ఆ తరువాత నున్నది. పిమ్మట ఇంటి కప్పు వచ్చినది. ఇవన్నియు ఒక్కటే పాఠమును నేర్పుచున్నవి. నీచేత కీడు జరుగకుండుట మాత్రము చాలదు. నీ కన్నులయెదుట జరుగబోవు కీడును నీవు ముందుగా చూచి ఆపవలెను.

నిర్గమకాండము 21వ అధ్యాయము దీనిని మరింత తేటపరచుచున్నది. ఎద్దు మొదటిసారి పొడిచి మనుష్యుని చంపినయెడల యజమానుడు నిర్దోషి. అది పొడుచునదని ముందుగా అతనికి తెలుపబడియు, దానిని కట్టివేయనియెడల, అప్పుడతడు దోషి. గొయ్యి త్రవ్వి మూత వేయక విడిచినవాడును అట్లే. కాబట్టి దేవుని న్యాయస్థానములో రెండు సంగతులు అడుగబడుచున్నవి. నీకు తెలిసెనా? నీచేత నయ్యెనా? ఈ రెంటికిని అవునని జవాబు వచ్చినచోట, చెడు తలంపు లేదను మాట మనలను తప్పింపజాలదు. కప్పు తనంతట తాను ఎవరిని చంపదు. కాని దాని సంగతి తెలిసియు, బాగుచేయు శక్తి యుండియు, రేపు చూతములే అనుకొనిన దినములన్నియు కూడి, త్రోయు చేయి యగుచున్నవి.

సిలోయము గోపురము

ఇంతవరకు చదివి ఎవరైనను, పొరుగువాని యిల్లు కూలినప్పుడు, అది వాని నిర్లక్ష్యమునకు వచ్చిన శిక్షయని చెప్పుటకు త్వరపడకుందురు గాక. ప్రభువు దినములలో సిలోయములోని గోపురము పడి 18 మంది చనిపోయిరి. చచ్చినవారు యెరూషలేములోని మిగిలినవారికంటె అపరాధులా అని ఆయన జనులను ప్రశ్నించి, కాదని తానే జవాబు చెప్పెను. అంతటితో విడువక, విన్నవారిని తమ్మును తాము చూచుకొని మారుమనస్సు పొందుమనెను.

1977 నవంబరు 19న దివిసీమమీదికి వచ్చిన తుపాను ఉప్పెనలో వేలాది జనులు మరణించిరి. సముద్రమే గ్రామములమీదికి నడచి వచ్చిన ఆ రాత్రి, పాకలు నిలువలేదు, ఓటికప్పులు గట్టికప్పులు అను భేదము అనేక చోట్ల లేకపోయెను. అట్లు పోయినవారిని గూర్చి తీర్పు చెప్పు నాలుక, సిలోయమును గూర్చి ప్రభువు చెప్పిన మాటను మరచిన నాలుక. బీదవాని తాటాకు పాక గాలికి ఎగిరినప్పుడు అది వాని బద్ధకము కాదు, వాని లేమి. వానికి తెలిసియుండెను గాని వానిచేత కాలేదు. శక్తికి మించినదానిని దేవుడు ఎవరియొద్దను అడుగడని 2 కొరింథీయులకు 8:12లో అపొస్తలుడు వ్రాసియున్నాడు.

కావున ఈ రెండు వాక్యములను ఎచ్చట నుంచవలెనో అచ్చట నుంచుదము. పొరుగువాని కూలిన కప్పును చూచునప్పుడు లూకా 13వ అధ్యాయము తీయుదము. మన స్వంత కప్పును చూచునప్పుడు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము తీయుదము. మన హృదయము మోసకరమైనది గనుక ఈ రెంటిని తారుమారు చేయును. పొరుగువానికి ధర్మశాస్త్రమును, మనకు కృపను పంచిపెట్టుకొనును. క్రైస్తవుని మనస్సాక్షి ఎంతవరకు మేలుకొనియున్నదో తెలిసికొనవలెనన్న, ఈ ఒక్క విషయములో అది ఎటు మ్రొగ్గుచున్నదో చూచిన చాలును.

కప్పును ఏర్పరచుకొనుట

మన పల్లెలలో కప్పులు నాలుగైదు విధములు. తాటాకు కప్పు చల్లగా నుండును, ఖర్చు తక్కువ. అయితే రెండు మూడేండ్లకు ఆకు మార్చవలెను, చెదలు పట్టును, వేసవిలో ఒక్క నిప్పురవ్వ పేటంతటిని కాల్చును. పెంకుటిల్లు తాటాకు పాకకంటె మన్నికైనది, నిప్పుకు వెరవదు. అయితే కోతులు త్రొక్కిన పెంకులను, జరిగిన పెంకులను ఏటేట సర్దవలెను. రేకుల యిల్లు త్వరగా లేచును. అయితే ఎండకు లోపల కొలిమివలె నుండును. స్లాబు తుపానుకు నిలుచును. అయితే దానికి సొమ్మెక్కువ, చెడినయెడల ప్రమాదమును ఎక్కువ.

పెంకును గూర్చి మన సంఘములు తెలిసికొనదగిన చరిత్ర యొకటి కలదు. 1834లో మంగళూరు చేరిన బాసెల్ మిషను వారు, క్రీస్తును అంగీకరించినందున కులమువారిచేత వెలివేయబడి, వృత్తిని కోల్పోయినవారికి పని చూపవలసి వచ్చెను. అందుకై నేత శాలలను పెట్టిరి. 1865లో ప్లెబ్‌స్ట్ అను మిషనరీ నేత్రావతి నది దగ్గర జెప్పులో పెంకుల కర్మాగారమును స్థాపించెను. ఆ ప్రాంతపు నదుల యొద్ద దొరకు బంకమట్టి, ఒకదానిలో ఒకటి ఇమిడిపోవునట్లు అచ్చున తీసిన పెంకులుగా మారి దేశమంతట వ్యాపించెను. మన ప్రాంతములలో బెంగుళూరు పెంకు అని పిలుచునది ఆ జాతిదే. తల దాచుకొనుటకు చోటు లేనివారిచేతులే ఇతరుల తలలమీద కప్పును చేసెను. కప్పు యొక్క ధర్మమంతయు ఈ కథలో నున్నదని చెప్పవచ్చును.

మరి ఏ కప్పు మంచిది? దీనికి అందరికి ఒక్కటే జవాబు లేదు. కాని క్రైస్తవుడు ఈ ప్రశ్నను వేరొక విధముగా అడుగవలెను. ఊరివారు చూచి ఏమందురని గాక, ఆ కప్పు క్రింద అందరికంటె బలహీనుడు ఎవడని అడుగవలెను. పొలమునకు పోవువాడు మధ్యాహ్నమున చెట్టు క్రింద నుండును. రేకుల క్రింద వేసవి మధ్యాహ్నమును గడుపునది ముసలి తల్లి, బాలింతరాలు, ఊయలలోని పసిబిడ్డ. వారికొరకు రేకుపైన తాటాకు పరచుటయో, తెల్లసున్నము కొట్టుటయో, లోపల తడిక కట్టుటయో చేయవచ్చును. ఈ చిన్న పనులకు అప్పు అక్కరలేదు, ప్రేమ కావలెను.

అప్పు సంగతియు చెప్పవలెను. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని లూకా 14:28లో ప్రభువు చెప్పెను. ఎదురింటివాడు స్లాబు వేసెనని, మనమును వేయకున్న చిన్నతనమని, నూటికి మూడేసి అయిదేసి రూపాయల నెలవడ్డీకి అప్పు తెచ్చువారున్నారు. తుదకు కప్పు నిలుచును గాని దాని క్రింద నిద్ర నిలువదు. ఇటుకల గొడవలో బిడ్డ చదువు పోవును. పెంకుటింటిలో ఋణము లేక పండుకొనువాడు మేడలో వడ్డీకి భయపడువానికంటె ధన్యుడు. అయితే తుపాను తగులు తీరగ్రామములలో గట్టి కప్పు గొప్పతనము కొరకు గాదు, ప్రాణము కొరకు. అక్కడ ప్రభుత్వ గృహనిర్మాణ పథకముల సహాయమును అడిగి తీసికొనుట బిడియపడవలసిన పని కాదు. వ్రాయను చదువను రానివారికి దరఖాస్తు వ్రాసిపెట్టుట మన యౌవనస్థులకు తగిన పరిచర్య.

కాపాడుకొనుట

బద్ధకము వలన ఇంటి కప్పు క్రుంగుననియు, చేతులు ముడుచుకొనుట వలన ఇల్లు కారుననియు ప్రసంగి 10:18 హెచ్చరించుచున్నది. ప్రసంగి మాటలోని లోతు అనుభవించినవారికి తెలియును. ఏ కప్పును ఒక్కనాట చెడదు. డాబామీది నీరు పోవు గొట్టమునకు వేపాకులు అడ్డుపడును. నీరు నిలుచును. నిలిచిన నీరు సన్నని పగులు వెదకికొనును. పగులు గుండ లోనికి దిగి ఇనుపచువ్వను తాకును. చువ్వ తుప్పు పట్టును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు తీసికొనును గనుక లోపలినుండి సిమెంటును పగులగొట్టును. అప్పుడు పెచ్చులు ఊడి, పండుకొనిన వారిమీద పడును. పిడికెడు ఆకులు తీయని దోషము ఇంత దూరము నడచును.

పిట్టగోడ పగులులో మొలచిన రావిమొక్క సంగతియు ఇట్టిదే. రెండాకులప్పుడు రెండు వ్రేళ్లతో పెరుకవచ్చును. రెండేండ్లు ఆగిన, గోడను విప్పక దానిని తీయలేము. పాపమును గూర్చి మన ప్రసంగములలో ఎన్నియో ఉపమానములు చెప్పుదుము. ఈ ఉపమానము మన నెత్తిమీదనే పెరుగుచున్నది.

మృగశిర కార్తె రాకముందే, వేసవి యుండగనే, ప్రతి యింటివాడును ఒక దినము కప్పుకొరకు కేటాయించుట మంచిది. తాటాకు పాకయైన యెడల నిట్రాడు మొదట చెదలు చూడవలెను. వాసముల కట్లు సడలినవేమో లాగి చూడవలెను. పెంకుటిల్లయిన పగిలిన పెంకులను మార్చవలెను. రేకులైన కొక్కెములు, బోల్టులు తుప్పు పట్టినవేమో చూడవలెను. గట్టిగాలి కప్పును క్రిందికి నొక్కునని మనము తలంతుము. నిజమునకు కప్పుమీదుగా వేగముగా పోవు గాలి దానిని పైకి లాగును. తలుపు సందులనుండి జొరబడిన గాలి క్రిందినుండి త్రోయును. కావున బరువు పెట్టుట మాత్రము చాలదు, కప్పును గోడకు బిగించి కట్టవలెను. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ వంటి తుపానులలో ఊడిన రేకులు కత్తులవలె ఎగురును. బిగింపని నా రేకు పొరుగువాని మెడకు ఆయుధము. పిట్టగోడను గూర్చిన ఆజ్ఞ ఇక్కడికి వచ్చి నిలుచుచున్నది.

మార్చుట

కప్పు పాతదై మార్చవలసినప్పుడు మూడు సంగతులు మనస్సున నుంచుకొనవలెను.

మొదటిది, త్వరపాటు. స్లాబు పోసిన తరువాత మడులు కట్టి నీరు నిలుపుట కనీసము 10 దినములు, వీలైన 14 దినములు జరుగవలెను. సెంట్రింగు అద్దె మిగులునని దానిని ముందుగా విప్పుటయు, సిమెంటు మిగులునని పాలు తగ్గించుటయు, ఉప్పు కలిసిన సముద్రపు ఇసుకను వాడుటయు, కంటికి కనబడని దొంగతనములు. వాటికి సాక్షి లేడనుకొందుము. కాలమే సాక్షి.

రెండవది, పాత సిమెంటు రేకులు. ఆస్‌బెస్టాస్ కలిసిన రేకులు మన పల్లెలలో లక్షలాది యిండ్లమీద నున్నవి. ఆస్‌బెస్టాస్ అన్ని రకములును క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. చెక్కుచెదరని రేకు కప్పుమీద నున్నంతవరకు అపాయము తక్కువ. దానిని కోసినను, రంధ్రము చేసినను, పగులగొట్టినను, కంటికి కనబడని సన్నని పోగులు లేచి ఊపిరితిత్తులలో చేరును. వ్యాధి 20, 30 సంవత్సరముల తరువాత బయటపడును. కావున అట్టి రేకులను తడిపి, పగులకుండ విప్పి, ముక్కునకు మంచి కవచము కట్టుకొని దింపవలెను. ముక్కలు బావి గట్టున, పిల్లలు ఆడు దారిలో వేయరాదు. పనికిరావని మనము దింపిన పగిలిన రేకులను మనకంటె బీదవానికి దానమని యిచ్చుట దానము కాదు. మన అపాయమును వాని యింటికి మోయించుట.

మూడవది, కప్పు ఎక్కు మనుష్యుడు. పాత సిమెంటు రేకు మనుష్యుని బరువును ఓపదు. నడుమ కాలు పెట్టినవాడు రేకుతో కూడ నేలకు వచ్చును. వాసములమీదుగా బల్లలు పరచి నడువవలెను, నడుమునకు త్రాడు కట్టవలెను. మోషే వ్రాసిన దినములలో కప్పుమీదనుండి పడువాడు అతిథి; మన దినములలో తరచుగా కూలివాడు. వాడు పడినప్పుడు, జాగ్రత్తగా నుండమని చెప్పితిమి గదా అను మాట చాలదు. బల్లయు త్రాడును ఇచ్చితిమా? సాయంకాలమున కూలి చేతిలో పెట్టితిమా? బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు 5:4లో నున్నది.

విప్పబడిన కప్పు

ఇంత జాగ్రత్త చెప్పిన తరువాత, కప్పే దేవుడు కాదని కూడ చెప్పవలెను. కపెర్నహూములో నలుగురు మనుష్యులు పక్షవాయువు గలవానిని మోసికొని వచ్చి, జనసమూహము వలన దారి దొరకక, మిద్దె యెక్కి కప్పును విప్పిరి. మట్టి రాలియుండును, ఇంటివాడు కలవరపడియుండును. ప్రభువు మాత్రము వారి విశ్వాసమును చూచెను.

వారు చేసినది తప్పా? పరుల యింటిని పాడుచేయుట ఒక దినమున దోషమును, ఒక దినమున విశ్వాసమును ఎట్లగును? పిట్టగోడ ఆజ్ఞను మరల తలంచినచో జవాబు దొరకును. ఆ ఆజ్ఞ కప్పును కాపాడుటకు ఇయ్యబడలేదు, మనుష్యుని కాపాడుటకు ఇయ్యబడెను. మనుష్యుడు పడకుండ గోడ పెట్టుమన్న ప్రేమయే, మనుష్యుడు లేచునట్లు కప్పును విప్పనిచ్చెను. విశ్రాంతిదినము మనుష్యుని కొరకే గాని మనుష్యుడు దానికొరకు కాదని బోధించిన ప్రభువు నోట ఇది మనకు క్రొత్త సంగతి కాదు. ఆ కప్పును తిరిగి ఎవరు వేసిరో సువార్తికులు వ్రాయలేదు, మనము కల్పింపరాదు. కాని ప్రేమచేత ఒకరి కప్పును విప్పినవారు, ఆ ప్రేమచేతనే దానిని తిరిగి వేయుట న్యాయమని మన మనస్సాక్షి చెప్పుచున్నది. మేలు చేయు త్వరలో ఇతరులకు కలిగించిన నష్టమును మేలు క్రింద కొట్టివేయరాదు.

మందిరపు కప్పు, విధవరాలి కప్పు

అనేక గ్రామసంఘములలో నేడు ఒక వివాదము కలదు. మందిరమునకు పెంకు తీసి స్లాబు వేయవలెనని కొందరు, ముందు బీదల యిండ్లు చూడవలెనని కొందరు అందురు. మొదటివారు హగ్గయి గ్రంథమును చూపుదురు. క్రీ.పూ. 520లో ఆ ప్రవక్త, ప్రజలు చక్కని పలకలు తాపిన యిండ్లలో నివసించుచుండగా దేవుని మందిరము పాడుగా నుండుట తగునా అని గద్దించెను. రెండవవారు యాకోబు 2వ అధ్యాయమును చూపుదురు. బట్టలు లేని సహోదరునికి ఉత్త దీవెన పలుకుట ఏమి ప్రయోజనము?

వాక్యము వాక్యమునకు విరోధి కాదు. హగ్గయి ఎవరితో మాటలాడెనో గమనింపుడి. పలకలు తాపిన యిండ్లుగలవారితో మాటలాడెను. కారు యింటిలో గిన్నెలు పెట్టుకొని తెల్లవార్లు కూర్చుండు విధవరాలితో మాటలాడలేదు. కావున ఆ వాక్యమును చూపి ఆమె చందాను గట్టిగా అడుగుట ప్రవక్త భావము కాదు. మనలో స్లాబు క్రింద పండుకొనువారికి ఆ వాక్యము వర్తించును. వారికి మందిరపు కప్పును, ఆమె కప్పును రెండును బాధ్యతలే. మందిర నిర్మాణము బీదలకు ఎల్లప్పుడు ఎదురు నిలుచునదియు కాదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయము కట్టబడిన కాలములో, కరువుతో అలమటించుచున్న జనులకు ఆ పనియే అన్నము పెట్టెను. కట్టుట తప్పు కాదు. ఎవరిని ఆకలితో నుంచి కట్టితిమి, ఎవరికి అన్నము పెట్టి కట్టితిమి అనునదే ప్రశ్న.

అయినను రెంటిలో ఒక్కదానికే సొమ్మున్నయెడల ఏది ముందు? వానకాలము తలుపు తట్టుచుండగా, మందిరములో తడియువారు గంటసేపు తడియుదురు, ఇంటిలో తడియువారు రాత్రియంతయు తడియుదురు. గాలివానలో కూలనున్న కప్పు క్రింద ప్రాణమున్నచోట ముందు అక్కడికి పోవలెను. మనుష్యుని ప్రాణమునకు పిట్టగోడ పెట్టుమన్న దేవుడు, తన మందిరము ఒక్క వానకాలము ఆగినందుకు కోపపడడు. కాని ఆగిన పనిని మరచిపోవుటకు దీనిని సాకుగా తీసికొనువారిని హగ్గయి విడిచిపెట్టడు.

ఈ పనికి గొప్ప సొమ్ము అక్కరలేదు. వేసవిలో ఒక ఆదివారము ఆరాధన తరువాత పెద్దలును ఉపదేశిగారును పేటలోని యిండ్లన్నియు చూచి రావచ్చును. పిడికెడు బియ్యపు కానుకలో కొంతయు, కోత పండుగ కానుకలో కొంతయు తాటాకుకును వెదురుకును ప్రత్యేకింపవచ్చును. ఒక శనివారము పదిమంది పురుషులు ఎక్కిన, చీకటి పడకముందే ఒక పాకకు ఆకు కప్పవచ్చును. స్త్రీల సహవాసమువారు ఆ దినము అన్నము వండిపెట్టవచ్చును. ఆ యింటివారు ఆరాధనకు క్రమముగా వచ్చుచున్నారా అని అడుగవద్దు. వారు మన సంఘస్థులేనా అనియు అడుగవద్దు. వాన అట్టి ప్రశ్నలు అడుగదు. నీతిమంతులమీదను అనీతిమంతులమీదను దానిని కురిపించు తండ్రియు అడుగడు. నిప్పంటుకొనిన యెడల అన్ని పాకలును ఒక్కటే గదా, కప్పు వేయునాడు ఎందుకు వేరు కావలెను?

తిన్న యింటి వాసములు లెక్కపెట్టువాడని కృతఘ్నుని మనవారు నిందింతురు. ఆశతో లెక్కపెట్టుట నింద్యమే. కాని పొరుగువాని యింట కూర్చున్నప్పుడు ఒకసారి తలయెత్తి పైకి చూచి, ఆ వాసములలో ఎన్ని పుచ్చినవో ప్రేమతో లెక్కపెట్టుట నింద్యము కాదు. ఈ భూమిమీది మన గుడారము విప్పబడునని, పరలోకమందు చేతిపని కాని నివాసము గలదని మనము నమ్ముచున్నాము. ఆ నిరీక్షణ ఇచ్చటి కప్పులను నిర్లక్ష్యము చేయుటకు ఇయ్యబడలేదు. మనకు నిత్యమైన నివాసమును సిద్ధపరచినవాడు, తానే ఇక్కడ తల వాల్చుకొనుటకు చోటు లేక తిరిగెను. తన శిష్యుల పేటలో కప్పు లేని తల యుండుట ఆయన చూడకపోడు.

ప్రార్థన: మా తండ్రీ, మా కప్పు క్రింద నున్నవారిని మాకప్పగించితివి. మాకు తెలిసిన దోషమును రేపటికి త్రోయని మనస్సు నిమ్ము. పొరుగువాని కష్టమును చూచి తీర్పు చెప్పక, నిచ్చెన తీసికొని పోవు కాళ్లనిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.